భజనకు హాజరు

"మావయ్యా, ఎప్పుడైనా ఏదైనా సాయుధ దళంలో పనిచేశారా అని అడుగుతున్నాడు. యెస్సా, నోనా?" విజిటర్ వీసా ఫారం నింపుతూ అడిగింది తేజశ్రీ.

"నో కొట్టెయ్యవే," అన్నాడు పక్కనే కూర్చున్న తండ్రి భానుమూర్తి. బావమరిది నరహరిని కెనడాలో తాముండే బర్నబీకి రప్పించి, తమ బేస్‌మెంట్ సత్సంగంలో శాంతిమార్గం మీద ప్రసంగం చేయించాలని ఆయన ముచ్చట.

వీడియో కాల్‌లో నరహరి నవ్వాడు. "సాయుధ దళం ఏంటమ్మా! మాది స్వామివారి భజన దళం. అడవి ఊళ్ళల్లో తిరుగుబాటుదార్లని ఏరెయ్యమని తుపాకులు గవర్నమెంటే ఇచ్చింది."

"విన్నావుటే? అంతా లీగలే! ఒరే నరహరీ, నీది సోషల్ సర్వీసురా," అని మురిసిపోయాడు భానుమూర్తి.

తేజశ్రీ మాత్రం టైప్ చెయ్యలేదు. "ఎవరు తిరుగుబాటుదారో మీకెలా తెలుస్తుంది మావయ్యా?"

"అదెంత పని? రోజూ భజనకి హాజరు వేస్తాం. వరసగా మూడుసార్లు రాకపోతే వాడే."

"పాపం, ఒంట్లో బాగోలేకేమో!"

"అందరూ జ్వరమనే చెబుతారమ్మా. మేం నమ్మం." నరహరి చేతిలో ఉన్న హాజరు పుస్తకం పేజీ తిప్పి, కళ్ళజోడు సర్దుకున్నాడు. "అన్నట్టు, మన ఆదివారం ఆన్‌లైన్ భజనలో నీ పేరు కనబడటం లేదేం తల్లీ? నెల దాటింది."

ఆ గొంతులో ప్రేమే ఉంది. అయినా భానుమూర్తి చెయ్యి తనకు తెలియకుండానే కూతురి భుజం మీద పడింది.

"దానికి జ్వరమండీ!" అన్నాడు గబుక్కున.

ముప్ఫై ఏళ్ళుగా ఒరే అని పిలిచే బావమరిదిని ఆయన అండీ అనడం అదే మొదలు.