చుక్కల ఓడ తలుపు

కరెంటు పోయి సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు ఆగిపోతే, వెంకటేశం గవ్వలు తీసి, పెండ్లాం రాజవ్వతో తను కల్పించిన ఆట మొదలుపెట్టాడు.

"మనం చుక్కల నడుమ ఓడల ఉన్నం. బయట భూతం. అచ్చం మనోళ్ళ గొంతుతోనే పిలుస్తది. తలుపు తెరుస్తవా?"

"దానికి ఆకలైతె అన్నం పెడత."

అంతలో నిజంగానే తలుపు చప్పుడైంది. "అక్కా, అన్నలం. ఆకలైతుంది."

వెంకటేశం గవ్వలు కింద పెట్టాడు. పోలీసులే నక్సలైట్ అన్నల వేషంలో తిరిగి, అన్నం పెట్టినవాళ్ళను పట్టుకుపోతున్నారు. పెట్టకపోతే నిజం అన్నలు ఊరుకోరు.

రాజవ్వ కొండగట్టు అంజన్నను తలచుకుని తలుపు తీసింది. బయట తుపాకితో ఒక్కడే ఉన్నాడు. అతనికి పప్పన్నం పెట్టింది. అతను తిని, ఎంగిలి కంచం అక్కడే వదిలి లేచాడు.

"పప్పుల ఉప్పు సరిపోయిందా, పోలీసు సారూ?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఎట్ల గుర్తువట్టినవ్?"

"గవ్వలు చెప్పినయ్. పోలీసాయనని తెలిసే పెట్టిన."

పోలీసుకు అన్నం పెట్టిందని పట్టుకుపోలేక, మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

"నిజం చెప్పవే, ఎట్ల తెలిసింది?" అన్నాడు వెంకటేశం.

"మొన్న నువ్వు తంగళ్ళపల్లి పోయినప్పుడు వచ్చిన అసలు అన్నలు, తిన్న కంచాలు కడిగి పోయిండ్రు."

"నాకు చెప్పకుంట పెట్టినవా?" అన్నాడు వెంకటేశం. రాజవ్వ నెమ్మదిగా గవ్వలు అతని చేతిలో పెట్టింది.

"ఇగ ఆడు. భూతం ఓడ లోపట్నే ఉన్నదేమో."