మట్టిలో యాపిల్

"ఇంకో త్రుఫెల్ వెయ్యనా మేష్టారూ?" అంటూ ఐటా ఉడికించిన బంగాళదుంపను మొగుడి కంచంలో పడేసింది.

యాఖెన్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. ముఖం కందగడ్డయింది.

ఎదురుగా కూర్చున్న కొరీనాకు ఒళ్ళు మండింది. పక్షవాతంతో మాట పడిపోయిన ఈ ముసలి పంతులుకు మాటలు నేర్పడానికి ఆమె పట్నం నుంచి కొండరైల్లో వస్తోంది. ఆవు, ఇల్లు, రొట్టె... ఏ బొమ్మ చూపినా ఆయన పెదవి కదపలేదు. ఇవాళ కూడా నోరు విప్పకపోతే ఇక వెళ్ళనక్కర్లేదని ఆసుపత్రివాళ్ళు తేల్చేశారు. ఈ మహాతల్లేమో ఆయనతో కయ్యానికి దిగింది!

ఈ ఎంగదీన్ లోయలో బంగాళదుంపను మైలిన్‌తెర్రా అంటారు, మట్టిలో యాపిల్ అని. త్రుఫెల్ అన్నది కొండలకవతల సుర్సెల్వా వాళ్ళ మాట. అందరిదీ రోమాన్ష్ భాషే. అయినా అవతలి లోయ మాట చెవిన పడితే చాలు, ఇక్కడివాళ్ళు అగ్గిమీద గుగ్గిలమైపోతారు. మాటల పుట్టుపూర్వోత్తరాల మీదే బతికిన యాఖెన్ సంగతి చెప్పాలా?

"పెద్దమ్మా, పుట్టింటి మాట ఎవరికైనా ముద్దే. ఈ ఒక్కపూటకి ఆయన మాట అనకూడదూ?" బతిమాలింది కొరీనా.

"ఎందుకనాలి? నేల కింద పెరిగే ఖరీదైన పుట్టగొడుక్కి ఇటలీవాళ్ళు పెట్టిన పేరమ్మా అది. జర్మన్ల నోట కార్తోఫెల్ అయింది, కొండవతల త్రుఫెల్ అయింది. ఎంత దర్జా! మరి ఈయనగారిదో? యాపిలట! ఏ కొమ్మకు కాసిందో!"

"ఫ్రెంచివాళ్ళూ, డచ్చివాళ్ళూ కూడా మట్టి యాపిలనే అంటారుగా!"

"నీకెందుకమ్మాయ్ వకాల్తా? నోరుంటే ఆయన్నే చెప్పనీ!"

ఎంత మాట! కొరీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐటా మాత్రం తగ్గలేదు.

"ఊరి పిల్లలందరికీ తప్పే నేర్పాడీ పంతులు. త్రుఫెల్! త్రుఫెల్!"

పిడికిలి దెబ్బకు బల్ల అదిరింది. యాఖెన్ మెడనరాలు ఉబ్బాయి.

"మై... మైలిన్... మైలిన్‌తెర్రా!" అని అరిచాడు. "మట్టిలో... యాపిల్!"

తన గొంతు తనకే వినబడి యాఖెన్ పసివాడిలా నవ్వేశాడు. ఐటా ఆయన తల గుండెకు హత్తుకుని భోరుమంది. "మీరే నెగ్గారు మేష్టారూ, మీరే!"

కొరీనా ఆనందం పట్టలేక ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది. "ఇంక నన్నెవరూ ఆపలేరు, ప్రతివారం వస్తాను! మీ సుర్సెల్వా మొండితనానికి దండం పెట్టాలి పెద్దమ్మా. మీది అక్కడ ఏ ఊరు?"

ఐటా కళ్ళు తుడుచుకుంటూ కిటికీలోంచి పక్కింటిని చూపించింది.

"నేను పుట్టింది ఆ ఇంట్లోనే."