ఏ కాలు పొట్టిది?

...అయితే అబద్ధం చెబుతున్నది ఏ కాలు? నాలుగింటిలో ఒకటి పొట్టిదని కుర్చీ చెప్పదు. టక్కుమని ఊరుకుంటుంది. అటు ఆనితే ఇటు లేస్తుంది. ఒక కాలిని అనుమానించి వంగి చూస్తే, అది ఏ పాపమూ ఎరగనట్టు నిలబడి ఉంటుంది. మనుషుల్లోనూ అంతేననుకున్నాడు ఐవర్. నలుగురు చేరినచోట ఏదో తేడాగా ఉంటే ఆ తేడా తనేనని అతనికి చిన్నప్పటినుంచీ నమ్మకం.

ఐవర్ చేసిన ఈ కుర్చీ నిన్న పనిశాలలో రాయిలా నిలబడింది. ఇవాళ లెడ్బరీ ఊరి చేతిపనుల ప్రదర్శన డేరాలో, న్యాయనిర్ణేత రావడానికి ఇంకాస్త వ్యవధి ఉందనగా, కుంటుతోంది.

చేతిరంపం తీసి వెనక కాలు ఒకటి కొంచెం కోశాడు.

"ఏమోయ్, పెళ్ళికూతురికి చర్చి గుమ్మంలో జుట్టు కత్తిరిస్తున్నావా?" అంది గ్లెనిస్. పక్క బల్ల మీద ఆవిడ అల్లిన బుట్టలున్నాయి.

"కుంటుతోంది."

"నా మోకాలూ కుంటుతోంది. కోసుకుంటున్నానా?"

ఐవర్ ఇంకో కాలు కోశాడు. ఈ ప్రదర్శనలో గెలిచినవాళ్ళకి ఏడాదంతా చేతినిండా పని దొరుకుతుంది. గెలవకపోతే సోమవారం నుంచి బావ కెన్నెత్ ఫ్యాక్టరీలో వంటింటి అల్మరాలకు ప్లాస్టిక్ తలుపులు బిగించాలి. మాట ఇచ్చేశాడు. కెన్నెత్ మంచివాడు. అదే బాధ. చెడ్డవాడైతే కాదనడం సులువు.

"ఆవిడకి కుర్చీలంటే ఎందుకంత పగ, గ్లెనిస్?"

ఆవిడంటే న్యాయనిర్ణేత మిసెస్ క్రాబ్‌ట్రీ. ఆ పేరు వింటే చేయి తిరిగిన వడ్రంగులు కూడా టీ ఒలకబోసుకుంటారు. బల్లలకు బహుమతి ఇచ్చింది. బీరువాలకు ఇచ్చింది. ఓసారి ఉయ్యాల తొట్టికీ ఇచ్చింది. కుర్చీకి మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. ఐవర్ ఆవిణ్ణి చూసింది పత్రికల్లోనే. దట్టమైన కనుబొమలు, బిగించిన పెదాలు, మెడదాకా ఫొటో.

"ఎవరికి తెలుసు? అందరూ చెప్పుకునేది నేనూ విన్నాను. తీగ మీద పిచ్చుకలా అంచున కూర్చుంటుందట. కాసేపు అటూ ఇటూ కదులుతుందట. ఒక్క గెంతు గెంతి దిగి, థాంక్యూ అనేసి పోతుందట. నువ్వో పెట్టె చేయాల్సింది, నాయనా."

"నాకు పెట్టెలు రావు."

"అయితే ముక్కు తుడుచుకో. రంపంపొట్టు."

మూడో కాలు కోశాడు. ఇప్పుడు కుర్చీ మరో దిక్కుకు కుంటింది. మళ్ళీ మొదటి కాలి దగ్గరికి వచ్చాడు.

అప్పుడు గ్లెనిస్ బుట్టలోంచి ఒక యాపిల్ జారి కింద పడింది. ఎవరూ తన్నకుండానే చెక్కనేల మీద దొర్లుకుంటూ డేరా చివరిదాకా పోయింది.

ఇద్దరూ దానికేసి చూశారు.

రాత్రి వాన. చెక్కల కింద తడిసిన గడ్డినేల. కుంగింది నేల. కాళ్ళు నాలుగూ నిర్దోషులు.

"చెప్పొద్దూ," అంది గ్లెనిస్, "నాకూ ఇప్పుడే తట్టింది."

కుర్చీని ఆవిడ బల్ల మీదికి ఎక్కించాడు. ఇప్పుడు అక్కడా కుంటింది, తను కోసిన పాపానికి. ఇక ఒకటే దారి. అన్నిటికన్నా పొట్టి కాలికి సరిగ్గా మిగతా మూడూ కోశాడు. ఉప్పుకాగితంతో అంచులు రుద్దాడు. చదునైన చెక్క వెతికి దించాడు. కుర్చీ మళ్ళీ రాయిలా నిలబడింది, ఉండాల్సినదానికన్నా నాలుగు వేళ్ళు కిందుగా. తను కూర్చుంటే మోకాళ్ళు బొడ్డుకన్నా పైకి లేచాయి.

"బాగుంది," అంది గ్లెనిస్ తల వంచి చూస్తూ. "మా కుక్కకి కొంటాను."

వెనక్కి తీసుకుందామనుకున్నాడు. అంతలో గంట మోగింది. చేసినవాళ్ళు తమ వస్తువు పక్కన నిలబడకూడదు. బయటికి పోతూ వెనక్కి చూశాడు. నిర్వాహకుల గుంపు లోపలికి వస్తోంది, అందరూ టోపీలు తీసి. ఎంత వెతికినా మిసెస్ క్రాబ్‌ట్రీ ఎక్కడా కనబడలేదు.

డేరా వెనక, సన్నటి తుంపరలో, టీ కప్పు పట్టుకుని నిలబడ్డాడు. ప్లాస్టిక్ తలుపులకు కాళ్ళుండవు, అనుకున్నాడు. అదొక సుఖం. గోడకు బిగిస్తే చాలు, ఎప్పటికీ నేలతో పనిలేదు.

డేరా గుడ్డ అవతల ఎవరిదో కుర్చీ కిర్రుమంది. కదిలిన చప్పుడు. దబ్బుమని గెంతిన చప్పుడు. "థాంక్యూ."

ఇంకో కుర్చీ. మళ్ళీ గెంతు. "థాంక్యూ."

తర్వాతది తనది. ఐవర్ కళ్ళు మూసుకున్నాడు.

ఏ చప్పుడూ లేదు. కప్పులో వాన పడుతోంది. ఇంకా ఏ చప్పుడూ లేదు.

గ్లెనిస్ పరుగులాంటి నడకతో వచ్చింది. "లోపలికి రా."

"లేచిందా?"

"లేవట్లేదయ్యా! అదే చెబుతున్నా. టీ కూడా అక్కడికే తెప్పించుకుంది."

"ఇరుక్కుపోయిందా?"

"నన్నడుగుతావేం? కళ్ళున్నాయిగా, చూసుకో."

తెర అంచు పట్టుకున్నాడు. నలుగురిలో పొట్టికాలు తనేనన్న పాత నమ్మకం అతని చేతిని కాసేపు ఆపింది. తర్వాత తెర ఎత్తాడు.

పదేళ్ళ పిల్లంత ఎత్తయినా లేని మిసెస్ క్రాబ్‌ట్రీ అతని కుర్చీలో హాయిగా వెన్ను ఆనించి, నేలను తాకిన తన రెండు పాదాలకేసి నమ్మలేనట్టు చూసుకుంటోంది.