ప్లగ్గు పీకిన కారు

చీకటి పడినా డెస్మండ్ షెడ్డులోనే ఉన్నాడు. డెర్బీ ఊరి అంచున ఆ షెడ్డు. అందులోని కారు విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చింది. అన్న నార్మన్ ఒక్కో ముక్కా బిగించుకుంటూ వచ్చి, అది రోడ్డెక్కకముందే పోయాడు. దాని పెట్రోలు ఇంజను తీసేసి, డెస్మండ్ ఎలక్ట్రిక్ మోటారు బిగించాడు.

భార్య ఎడ్నా టీ తెచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీ అన్న చూస్తే నీ వీపు చీరేస్తాడయ్యా! ఆ ఇంజనంటే ప్రాణం ఆయనకి."

"చీరనీవే. తిట్టడానికైనా వస్తే చాలు."

ఆవిడ నవ్వుకుంటూ ఇంట్లోకి వెళ్లింది. అన్న ఒప్పుకునేవాడా అనే దిగులు మాత్రం డెస్మండ్‌ను వదల్లేదు.

వెనక చక్రాలు నేలకు తగలకుండా కారును స్టాండ్ల మీద నిలిపాడు. వైర్లు ముట్టుకునే ముందు మోటారుకు కరెంటు అందకుండా బ్యాటరీ ప్లగ్గు పీకి జేబులో వేసుకోవడం ఈ పని చేసేవాళ్ల అలవాటు. తెలియక ఇంకెవరూ దాన్ని పెట్టకూడదని. అతనూ అలాగే వేసుకుని చివరి బోల్టు బిగిస్తున్నాడు.

వెనక నుంచి సన్నటి ఈల లాంటి మోత వచ్చింది. తిరిగి చూస్తే చక్రాలు మెల్లగా తిరుగుతున్నాయి. జేబు తడుముకున్నాడు. ప్లగ్గు అక్కడే ఉంది.

చక్రాలు వేగం అందుకున్నాయి, తగ్గాయి, మళ్లీ అందుకున్నాయి. ఎవరో కొత్త బండిని మురిపెంగా తోలి చూసుకుంటున్నట్టుంది. డ్రైవరు సీటు కాస్త అణిగి ఉంది.

డెస్మండ్‌కు పారిపోవాలనిపించలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, ఎడమ తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాడు.

"నచ్చిందా, అన్నయ్యా?"

కారు స్టాండ్ల మీంచి మెత్తగా నేలకు దిగింది.