గేటుకు కట్టిన చిలప

“ఆ ఆడమనిషి ఎవరో చెప్పండి సార్” అని పచ్చయ్యప్ప నాలుగోసారి అడిగాడు.

ఎస్సై తల ఎత్తలేదు. ఆడవాళ్ల వేధింపు కేసులో ఫిర్యాదు చేసినావిడ పేరు బయటపెట్టకూడదని తమిళంలో చెప్పాడు. పచ్చయ్యప్ప ఆమె దారికి అడ్డం నిలబడ్డాడట, ఈల వేశాడట, కొంగు పట్టి లాగాడట. బెయిలు దొరకని సెక్షన్. సోమవారం పొద్దున వచ్చి లొంగిపోవాలి. ఈలోగా గేటు దగ్గర కూర్చోవడం మానేస్తే ఆలోచిద్దాం అన్నాడు.

అసలు సంగతి ఆ చివరి మాటలో ఉంది.

గేటు దగ్గర నలభై రోజులుగా జరిగింది ఒక్కటే. నూలుకు రంగులద్దే సాయపట్టరై వదిలే నీళ్లు ఊరి బోరులోకి దిగాయి. నేతగాళ్లు రోజూ పొద్దున చిలపగా చుట్టిన ఒక తెల్ల నూలు కట్టను బోరునీళ్లలో ముంచి తెచ్చి, పట్టరై గేటుకు కట్టి, ఎదురుగా నేలమీద కూర్చునేవాళ్లు. మధ్యాహ్నానికి అది గులాబీ రంగులో ఆరేది. నినాదాలు లేవు. నోరు తెరిస్తే కేసు పెడతారని పచ్చయ్యప్పే ఆ కట్టడి పెట్టాడు. తెరవకపోయినా పెట్టారు.

సోమవారమే నీళ్లు పరీక్ష చెయ్యడానికి తిరువళ్లూరు నుంచి అధికారులు వస్తున్నారు. వాళ్ల ముందు నిలబడి మాట్లాడగలిగినవాడు పచ్చయ్యప్ప ఒక్కడే. అతను లోపలుంటే వీధిలో ఇంకెవరూ ఇల్లు కదలరు. పట్టరై వాళ్లకు కావలసింది అదే.

అధికారులు ఊరికే రావడం లేదు. వేలిముద్ర వేస్తే మనిషిగా లెక్కపెట్టరని, వీధిలో బడి మొహం చూడని ఆడవాళ్లందరికీ పచ్చయ్యప్ప తెలుగులో సంతకం నేర్పాడు. పేరు తప్ప ఇంకో అక్షరం నేర్పే ఓపిక అతనికి లేదు. ఒక్కొక్కరి పేరున ఒక్కో అర్జీ పడితేనే కలెక్టరాఫీసు కదులుతుందన్నాడు. పడుగులు సాగదీసి గంజి పెడుతున్న వేళ వీధంతా తిరిగి, చేతులు కూడా తుడుచుకోనివ్వకుండా తెల్లకాగితాల అడుగున సంతకాలు పెట్టించాడు. ఆ కట్ట తీసుకెళ్లి తిరుత్తణిలో అర్జీలు రాసే ద్వారకనాథ్‌కు ఇచ్చి, పైన విషయం తమిళంలో టైపు చేసి పంపించెయ్యమన్నాడు. ద్వారకనాథ్ గోడమీద పట్టరై వాళ్లు పంచిన క్యాలెండర్ ఉంది. ఆ ఏడు అందరి గోడలమీదా అదే ఉంది.

రసీదులు వస్తే ఇంటింటికీ పంచాడు. తన ఇంటికి మాత్రం మిగల్లేదు.

“నాది యాడ మామా?” అని అడిగింది అతని భార్య సెల్లమ్మ.

“లీడరు పెండ్లానికి రసీదు ఎందుకే? కలెక్టరే నీ ఇంటికి వస్తాడులే” అన్నాడు.

ఇప్పుడు స్టేషన్ నుంచి ఇంటికి వచ్చినవాడు కూర్చోలేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు, తీశాడు. వీధిలో పోయే ప్రతి ఆడమనిషినీ చూశాడు. ఈమెనా? ఆమెనా? చివరికి సెల్లమ్మే తేల్చింది. ఆ గేటులో రోజూ పోయి వచ్చే ఆడది సుమతి ఒక్కతే. వెనక వీధి పిల్ల, పట్టరైలో కంప్యూటర్ దగ్గర పని.

సాయంత్రం సుమతి పని నుంచి వస్తుంటే సెల్లమ్మ వీధి మధ్యలో ఆపింది.

“మా మామ నీ కొంగు పట్టినాడా? యాడ పట్టినాడో చూపించు.”

“నేను ఏ కాయితమూ ఇయ్యలేదక్కా. తిరుత్తణి మురుగన్ సామి సాక్షి.”

“సామిని ఎందుకు లాగుతావు? ఆయనకు పట్టరైలో జీతం లేదు గదా.”

అరుగులమీద నవ్వులు లేచాయి. సుమతి ఏడ్చింది. సెల్లమ్మ వంగి రెండు గుప్పిళ్ల మన్ను ఎత్తి పోసింది.

“ఆ కాయితంలో సంతకం పెట్టిన చెయ్యి పడిపోనీ. దాని వంశంలో ఇంకెవురూ పలక పట్టకుండా పోనీ.”

పచ్చయ్యప్ప ఆపలేదు. ఆపాలనీ అనిపించలేదు. మర్నాడు సుమతి పనికి పోలేదు, తలుపూ తియ్యలేదు. తప్పు చేసింది కాబట్టే దాక్కుందని వీధంతా తేల్చేసింది.

శనివారం మొగుడూ పెళ్లాం తిరుత్తణి కోర్టుకు పోయారు. లాయరు ఎస్తేర్ ఫిర్యాదు నకలు తీసుకొచ్చేదాకా పచ్చయ్యప్ప వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉన్నాడు. ఎస్తేర్ అరక్కోణం మనిషి, తెలుగు రాదు. నకలు చేతికిచ్చి తమిళంలో చెప్పింది. ఫిర్యాదు చేసినావిడ పేరుమీద నల్లసిరా పూశారు. అడుగున సంతకాన్ని మాత్రం వదిలేశారు, పిచ్చిగీతలు అనుకున్నారేమో. మీ తెలుగులా ఉంది, ఎవరిదో చూడండి అంది.

పచ్చయ్యప్ప చూశాడు. టైపు చేసిన తమిళం సగం పేజీలోనే అయిపోయింది. దాని కింద జానెడు ఖాళీ. ఆ ఖాళీ అడుగున, ఎక్కడో దూరంగా, సంతకం.

అతని నడక ఆగింది.

“ఎవురు మామా? సుమతేనా?” అని సెల్లమ్మ భుజం మీంచి తొంగి చూసింది.

అతను కాగితం మడవబోయాడు. సెల్లమ్మ లాక్కుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే తడుముకుంటూ పోయింది.

“మామా, ఇది నా పేరు.”