నీలి మంట

గోబర్ గ్యాసు ఉన్న ఇంటి పిల్లను చేసుకునేది లేదని శకుంతల తెగేసి చెప్పింది.

"పేడతోని వండిన బువ్వ తిన్న పిల్ల నా వంటింట్ల అడుగు పెడ్తదా? నా పానం ఉండంగ కాదు!"

కొడుకు రవీందర్ మొహం వాడిపోయింది. చేసుకుంటే కురవి శ్రీపాల్ బిడ్డ కరుణనే చేసుకుంటానని అతను ఎండాకాలం నుంచీ పట్టుబట్టి కూర్చున్నాడు. ఆ ఇంట్లో నీలి మంట మీద వండుతారని ఎవరో పుణ్యాత్ములు తల్లి చెవిన వేశారు. ఎనభైల్లో ఊరూరా గోబర్ గ్యాసు గుంతలు తవ్వుతున్న రోజులవి. శకుంతల బస్సు సీటును కూడా తడిగుడ్డతో తుడిస్తే గానీ కూర్చోని మనిషి.

"ఒక్కసారి సూసొద్దామే అమ్మా. పేడ ఆనవాలు కనవడితే మల్ల ఆ పిల్ల పేరెత్తితె ఒట్టు," అన్నాడు రవీందర్ దీనంగా.

నెల్లికుదురు నుంచి పొద్దున బస్సుకే భర్త దామోదర్‌నీ, కొడుకునీ వెంటేసుకుని శకుంతల కురవిలో దిగింది. శ్రీపాల్ వాకిట్లోనే ఎదురొచ్చాడు.

"రా అక్కా! బస్సుల కూసోని కూసోని పరేషానయ్యుంటరు. కొత్తగ పాయఖాన కట్టించిన. మొహమాటపడక పోయిరాండ్రి."

ఊరంతా చెంబు పట్టుకుని చెలకల్లోకి పోయే కాలంలో ఎంత మర్యాద! శకుంతల వెళ్లొచ్చింది. లోపల అద్దంలా ఉంది. మనసు సగం కరిగింది.

అయినా తనిఖీ మానలేదు. పెరడంతా కలియదిరిగింది. ఆవు లేదు, బర్రె లేదు, పేడకడి లేదు.

"తమ్మీ, నిజం జెప్పు. గోబర్ గ్యాసు పెట్టినవా?"

"అయ్యో అక్కా! ఇంట్ల గొడ్డు లేదు, గోద లేదు. పేడ యాడికెళ్లొస్తది?"

వంటింట్లో శ్రీపాల్ భార్య విమల నీలి మంట మీద మక్కగారెలు వేస్తోంది. పొగ లేదు, మసి లేదు. పొయ్యి గొట్టం గోడలోంచి బయటికి పోయింది. సిలిండర్‌ను బయట పెట్టుకున్నారు కాబోలు, ఎంత జాగ్రత్త అని శకుంతల మురిసిపోయింది.

గారెలు అడిగి మరీ వేయించుకుంది. చాయ్ రెండోసారి తాగింది. ఈలోగా శ్రీపాల్ మర్యాదలకు అంతు లేదు.

"బావా, నువ్వు గుడ పోయిరారాదు? అల్లుడా, నువ్వు?"

దామోదర్ కాదనలేక వెళ్లొచ్చాడు. రవీందర్ సిగ్గుపడి తల అడ్డంగా ఊపాడు.

ఇక శకుంతల ఆగలేదు. కరుణను పిలిచి నుదుట బొట్టు పెట్టింది. రవీందర్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"పిల్ల మాదే తమ్మీ, ఖాయం! గింత శుద్ధమైన తిండి నా జన్మల తినలే."

అప్పుడే విమల వంటింట్లోంచి మొగుడికి వినపడేలా కేకేసింది: "ఇగో, రేపటి వంటకు గ్యాసు సాలేటట్టు లేదు, సుట్టాలల్ల ఇంక పాయఖానకు పోనోళ్లు ఎవరున్నరో జర తోలు!"