గేటు దాకా గీత

ఈ ఆదివారం ఇతను ఏడోవాడు. నేను అడ్డంగా వేయించిన దుంగ మీంచి సైకిలు ఎత్తుకుని దాటి, కంకర దారిలో టైర్లు కరకరలాడించుకుంటూ మా గేటు ముందు ఆగాడు. ఆ చప్పుడు వినపడితే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి బయటికి ఉరకడం నాకు అలవాటైపోయింది.

"ఇటు సముద్రానికి దారి లేదు బాబూ! రెండు నెలలుగా చెప్పీ చెప్పీ నోరు పడిపోతోంది. మీ ఫోన్లలో ఆ దారి గీసిన మహానుభావుడెవరో చూపించు, కడిగిపారేస్తాను."

"ఎవరూ గీయలేదండీ. మా సైకిలు గుంపులో ఒకాయన ముందు తొక్కుతూ వెళ్తుంటే ఆయన ఫోనే గీసుకుంటుంది. పక్కదారి పడితే ఆ ముక్క తీసేసి మాకు పంపాలి. ఈయన మర్చిపోయినట్టున్నాడు."

ఫోను నా ముందు పెట్టాడు. కరకట్ట మీద పోతున్న ఎర్రగీత విడిపడి, తిన్నగా మా గేటు దాకా వచ్చి, వెనక్కి తిరిగింది.

"దారి తప్పినవాళ్ళు వెంటనే తిరిగిపోతారు. ఈయన ఇక్కడే నలభై నిమిషాలు నిలబడ్డాడు. ఎందుకో మరి!"

గీత కింద పంపినవాడి పేరుంది: బొంగరం.

ఒక్కచోట కాలు నిలవని మా తమ్ముడికి ఆ పేరు పెట్టింది నేనే. మా మధ్య మాటల్లేక ఆరేళ్ళయింది.

"తప్పు సరిచేయమని ఆయనకి రాయమంటారా అండీ?"

"దాని జోలికి పోకు బాబూ. ముందు ఆ దుంగకి అటు చివర ఓ చెయ్యి వెయ్యి. వాడు మళ్ళీ వస్తే, దారి మూసేశాననుకుంటాడు."